బాల్కనీ అద్దానికి అటువైపు

మా లెక్కల టీచరమ్మ పోయిన నెల చనిపోయారు. ఆమె గురించి రాయడానికి నాకింకా మనసు కుదురుకోలేదు. అయినా ఇప్పుడే రాయాలి. జూన్ పదిహేనో తేదీతో ఒక అమ్మాయి కాలేజీ దరఖాస్తు గడువు ముగుస్తుంది. లెక్కలే చదువుతానంటున్న ఆ అమ్మాయి కోసం ఆమె తండ్రితో మాట్లాడతానని టీచరమ్మ మాటిచ్చారు. మాట్లాడకముందే వెళ్లిపోయారు. ఆ మాట ఇప్పుడు నా మీద పడింది. నా ఒక్కదానితో అయ్యేలా లేదు. ఈ పత్రిక చదివేవాళ్లలో ఆమె దగ్గర చదువుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. అందుకే మీకు రాస్తున్నాను.

కబురు శుక్రవారం ఉదయం తెలిసింది. అమ్మ దోసెలు పోస్తోంది. మా ఫ్రైడే క్లాసుకు ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. టీచరమ్మకు ఫోనులో టైపు చేయడం చిరాకు కాబట్టి అందులో సార్, అంటే ఆమె భర్త, రాసేవారు. ఆయన రాసేది ఎప్పుడూ ఒకటే మాట. క్లాసు ఉంది, లేదా క్లాసు లేదు. ఆ రోజు 'క్లాసు లేదు' అని ఉంది. చూసి ఫోను పక్కన పెట్టబోయాను. దాని కింద ఇంకో వాక్యం కనిపించింది. 'మీ టీచర్ రాత్రి నిద్రలోనే వెళ్లిపోయింది.'

ఇక్కడ కువైట్‌లో పోయినవాళ్లను చివరిసారి చూడటం ఎలా ఉంటుందో మీకు తెలుసు. కాగితాలన్నీ అయ్యాక ఆస్పత్రి మార్చురీ దగ్గర కాసేపు నిలబడనిస్తారు. ఆ తర్వాత పెట్టె విమానం ఎక్కుతుంది. మేమంతా అక్కడ గోడ నీడలో నిలబడ్డాం. బ్యాంకు బ్యాడ్జీ మెడలో వేసుకున్నవాళ్లు ఉన్నారు, స్కూలు యూనిఫాం పిల్లలు ఉన్నారు. మా నాన్న కంపెనీ బస్సును రోడ్డు వార ఆపి, డ్యూటీ చొక్కాతోనే వచ్చాడు. తిరిగి వెళ్లేటప్పుడు ఒక్క మాటన్నాడు. "ఈ దేశంలో నన్ను అన్నయ్యగారూ అని పిలిచిన మనిషి ఆయమ్మ ఒకతే."

ఆమె విజయవాడ మనిషి. సార్ ఆయిల్ కంపెనీలో ఇంజనీరు. ఆమె ఇక్కడి ఇండియన్ స్కూల్లో పెద్ద తరగతులకు లెక్కలు చెప్పేవారు. మంగఫ్‌లో సముద్రం వైపు ఒక పాత బిల్డింగులో మూడో అంతస్తు వాళ్లది. మేమూ మంగఫ్‌లోనే ఉంటాం, కానీ బస్సులు ఆగే వైపు. మాది రాయచోటి దగ్గర పల్లె. మా ఇంట్లో బడిలో కూర్చుని చదువుకున్న మొదటిదాన్ని నేనే. నాన్న సంతకం పెడతాడు, బోర్డుల మీది పేర్లు గుర్తుపడతాడు. అమ్మకు ఆ మాత్రం కూడా లేదు. అమ్మ ఒక కువైటీ ఇంట్లో వంట చేస్తుంది. ఆ ఇంటి మామా, అంటే యజమానురాలు, శుక్రవారం సెలవిస్తుంది.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు ఒకరోజు టీచరమ్మ నా పరీక్ష పేపరు చేతికిస్తూ అడిగారు, "జవాబు తప్పు రాశావు. కానీ పక్కన 'ఇది తప్పేమో, ఎందుకంటే' అని రాసి కొట్టేశావు. ఎందుకంటే ఏంటి?" నాకు భయమేసి పేపరు మడిచి పుస్తకంలో పెట్టేసుకున్నాను. "శుక్రవారం మా ఇంటికొచ్చి చెప్పు," అన్నారు. అలా వెళ్లాను. తీరా వెళ్తే అక్కడ నాలాంటివాళ్లు ఇంకొందరు నేల మీద కూర్చుని ఉన్నారు. పరీక్షకు పనికొచ్చేది ఏదీ ఆ గదిలో చెప్పరని ముందే హెచ్చరించారు.

నేను వెళ్లిన మొదటి శుక్రవారానికి ముందు రెండు రోజులు దుమ్ము తుఫాను. మంగఫ్ అంతా బెల్లం రంగులోకి తిరిగింది. టీచరమ్మ ఇంటి హాలుకు, బాల్కనీకి మధ్య పెద్ద అద్దం తలుపు ఉంటుంది. దాని బయటి వైపు మందంగా దుమ్ము పట్టేసింది. మా అమ్మయితే పొద్దున్నే తడిగుడ్డ పట్టుకునేది. టీచరమ్మ మాత్రం దుమ్ము రాగానే, బిల్డింగు కాపలా చూసే హారిస్‌కు ఫోన్ చేసి, శుక్రవారం సాయంత్రం దాకా మా అద్దం ముట్టుకోవద్దని చెప్పేవారట. ఈజిప్టు నుంచి వచ్చిన ఆ పెద్దాయన, ఈమెకు శుభ్రత లేదని బిల్డింగంతా చెప్పుకునేవాడని సార్ నవ్వుతూ అన్నారు.

ఆమె మమ్మల్ని లోపల కూర్చోబెట్టి, తను బాల్కనీలోకి వెళ్లి తలుపు మూసేశారు. దుమ్ము మీద వేలితో 3 < 5 అని రాశారు. వేలు నడిచినచోట వెలుతురు లోపలికి వచ్చింది. మాకు లోపలి నుంచి అన్నీ తిరగబడి కనిపించాయి. ఐదు ఇటుంది, మూడు అటుంది, మధ్యలో గుర్తు నోరు కూడా ఇటు తిరిగింది. ఆమె తలుపు కాస్త తెరిచి తల లోపలికి పెట్టి అడిగారు. "అటునుంచి ఏమని ఉందర్రా?"

"ఐదు పెద్దది మూడు కన్నా," అన్నాం.

"నిజమేనా?"

"నిజమే."

మళ్లీ తలుపు వేసేసి 3 + 5 = 8 అని రాశారు. లోపలి నుంచి చూస్తే ఎనిమిది సమానం ఐదు ప్లస్ మూడు. అదీ నిజమే. తర్వాత 5 - 3 = 2 అని రాశారు. మేం చదువుకున్నాం. రెండు సమానం మూడు మైనస్ ఐదు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె తలుపు తెరిచారు. ముక్కు మీద, కనుబొమల మీద దుమ్ము.

"ఏంటా నవ్వు?"

"అటునుంచి నిజం, ఇటునుంచి అబద్ధం టీచర్."

"మరి ముందు రాసినవి రెండు వైపులా నిలబడ్డాయే. ఇదెందుకు పడిపోయింది?"

ఆ సాయంత్రమంతా దాని మీదే గడిచింది. గుణకారం నిలబడింది. భాగహారం పడిపోయింది. ఏవి నిలబడతాయో చెప్పడం తొందరగానే వచ్చింది. ఎందుకో చెప్పడానికే చీకటి పడేదాకా పట్టింది. ఇంటికి బయల్దేరుతుంటే ఆమె అన్నారు, "ఏది నిలబడుతుందో, ఏది పడిపోతుందో, ఎందుకో. లెక్కలంటే ఇదేనే. మిగతావన్నీ కూడికలు."

కూడికలు ఆమెకు రావు. ఇది అతిశయోక్తి కాదు. పాఠం మధ్యలో ఆగి "ఏడెనిమిదులు ఎంత?" అని అడిగేవారు. మేం తప్పు చెబితే అదే రాసుకుని ముందుకు పోయేవారు. వంటింట్లోంచి సార్ "యాభై ఆరు" అని కేకేసేవారు. "కూడికలకే ఆయన్ని చేసుకున్నాను," అనేవారు.

ఆమె క్లాసులో ఒక పద్ధతి ఉండేది. ఎవరైనా తాము కనుక్కున్నది చెప్పడానికి లేస్తే, ఆమె సోఫాలో వెనక్కి వాలి కళ్లు మూసుకునేవారు. సరైందని గానీ తప్పని గానీ అనేవారు కాదు. చెప్పేవాళ్లు ఒక మెట్టు ఎగరేసి ముందుకు దూకితే ఒక కన్ను తెరుచుకునేది. అంతే. మళ్లీ వెనక్కి వెళ్లి ఆ మెట్టు కట్టుకోవాలి. చివరిదాకా రెండు కళ్లూ మూసి ఉంటే రుజువు అయినట్టు. ఒక్కోసారి నిజంగానే నిద్రపోయేవారు. అదీ రుజువు కిందే లెక్క వేసుకునేవాళ్లం.

అమ్మ నన్ను తీసుకెళ్లడానికి వచ్చి చెప్పుల దగ్గరే నిలబడేది. ఒకరోజు టీచరమ్మ పట్టుబట్టి లోపల కూర్చోబెట్టారు. "వదినగారూ, మీ అమ్మాయి ఒకటి చెబుతుంది, వింటారా? బేసి సంఖ్యకు బేసి సంఖ్య కలిపితే సరి సంఖ్యే ఎందుకు వస్తుందో."

"నాకేం తెలుచ్చాది మేడం," అంది అమ్మ, కొంగు సర్దుకుంటూ.

"తెలియకపోతేనే కదా చెప్పాల్సింది. తెలిసినవాళ్లకు చెప్పడం గొప్పేముంది?"

నేను గుమ్మం దగ్గరి చెప్పులతో చెప్పాను. ఒక గుంపు చెప్పుల్ని జతలు జతలుగా పెట్టి, చివర ఒక్కటి మిగిల్చాను. ఇంకో గుంపూ అంతే. ఈ మిగిలినదీ ఆ మిగిలినదీ కలిస్తే ఒక జత. ఇక మిగిలేది ఏమీ లేదు. ఎంత పెద్ద గుంపులైనా ఇంతే. అమ్మ శ్రద్ధగా విని, "ఇంతేనా? ఇంతోటిదానికి ఇంత సేపు కూచుంటారా మీరు?" అంది. పక్కకు తిరిగి చూస్తే టీచరమ్మ కళ్లు రెండూ మూసే ఉన్నాయి. పెదాలు మాత్రం నవ్వుతున్నాయి.

పన్నెండో తరగతి అయ్యే వేళకు నాకు లెక్కలు తప్ప ఇంకోటి వద్దు. వాటితో ఏం చేస్తానో నాకే తెలియదు. ఆ మాట నాన్నతో అంటే ఆయన రెండు రోజులు సరిగా తినలేదు. నాన్న పొద్దున్నే పనివాళ్లను బస్సులో రిఫైనరీ సైటుకు దించుతాడు. సైటులో తెల్ల హెల్మెట్లు పెట్టుకున్న ఇంజనీర్లను చూస్తాడు. నా తల మీద ఆ హెల్మెట్ చూడాలని ఆయనకు ఉండేది. అది కోరుకున్నందుకు ఆయన్ని ఎప్పుడూ తప్పుపట్టలేదు.

టీచరమ్మ మా గదికి వచ్చారు. మంచం మీద కూర్చోమంటే వద్దని చాప మీద కూర్చున్నారు. నాన్న ఎదురుగా గోడకు ఆనుకుని అడిగాడు, "టీచరమ్మా, తప్పుగా అనుకోవాకండి. ఉత్త లెక్కలు చదివి బతికినోళ్లు ఎవరన్నా ఉండారా?"

"అన్నయ్యగారూ, మీరు నా మీద దయ చూపించారు," అన్నారు ఆమె.

"నేనేం చేసినానమ్మా?"

"లెక్కలు చదివినవాళ్లంతా బతుకుతారా అని అడిగుంటే నేను ఇరుక్కునేదాన్ని. అందరూ అని చూపించడం మహా కష్టం. ఎవరన్నా ఉన్నారా అని అడిగారు. దానికి ఒక్కరిని చూపిస్తే చాలు." తన వైపు చెయ్యి చూపించుకున్నారు. "ఇదిగో. మూడు పూటలా తింటున్నాను. కాస్త ఎక్కువే తింటున్నాను."

అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నాన్న నవ్వలేదు. "మీకు సారుండాడు గదమ్మా."

"అదీ న్యాయమైన మాటే. సార్ రాకముందు కాలేజీలో పాఠాలు చెప్పి మా తమ్ముళ్లను చదివించాను. అది లెక్కలో వేసుకోండి."

ఆ తర్వాత ఆమె అన్న మాటలు నేను మర్చిపోలేను. నా తరఫున వాదించడానికి వచ్చిన మనిషి, నన్ను పక్కన పెట్టుకుని ఉన్నదంతా చెప్పేశారు. "అబద్ధం చెప్పి మిమ్మల్ని ఒప్పించను. మొదటి రెండేళ్లు ఈ పిల్లకు తనకేమీ రాదనిపిస్తుంది. ఏడుస్తుంది. చదువయ్యాక ఫలానా ఉద్యోగం అని వేలు పెట్టి చూపించలేను. పాఠాలు చెప్పొచ్చు. బ్యాంకులో, బీమాలో, కంప్యూటర్ల దగ్గర చేరొచ్చు. ఇంకా చదివి పరిశోధన చెయ్యొచ్చు. ఏ తలుపు మీదా దీని పేరు రాసి ఉండదు. తనే తట్టాలి. తట్టడం మాత్రం వస్తుంది."

"హెల్మెట్ ఉండదన్నమాట," అన్నాడు నాన్న.

"హెల్మెట్ నేను కొనిపెడతాను లెండి."

అప్పుడు నవ్వాడు నాన్న. ఒక షరతు పెట్టాడు. "సెలవులకు వచ్చినప్పుడల్లా ఏం నేర్చినావో నాకు చెప్పాల. నాకు అర్థమయ్యేటట్టు."

"ఈ షరతు యూనివర్సిటీవాళ్లు కూడా పెట్టరు అన్నయ్యగారూ," అన్నారు టీచరమ్మ. ఆ మాటలో వేళాకోళం లేదు.

హైదరాబాద్‌లో లెక్కల డిగ్రీలో చేరాక ఆమె చెప్పినట్టే అయింది. ఏడ్చాను. మొదటి ఏడాది ఒక మేష్టారు, కింద నుంచి పైకి తెగకుండా సాగే వంపు మధ్యలో ఉన్న గీతను తప్పకుండా తాకుతుందని రుజువు చేయడానికి గంటసేపు బోర్డు నింపారు. హాస్టల్‌కు వచ్చి టీచరమ్మకు ఫోన్ చేశాను. "తాకుతుందని ఎవరికైనా తెలుసు కదా టీచరమ్మా. దీనికి గంటా?"

"నీకెలా తెలుసు?"

"కనిపిస్తోందిగా."

"కనిపిస్తేనే ఉన్నట్టా? దుమ్మొచ్చిన రోజు మా బాల్కనీలోంచి సముద్రం కనిపించదు. లేదా మరి?" అని ఫోన్ పెట్టేశారు. నేను మళ్లీ నోట్సు తీశాను.

రెండో ఏడాది ఒక మధ్యాహ్నం ఆల్జీబ్రా క్లాసులో ఒక చిన్న విషయం చెప్పారు. రెండు పనులు ఒకదాని తర్వాత ఒకటి చేస్తే, వాటిని వెనక్కి తీయాలంటే వరుస తిరగేయాలి. అమ్మ మామా ఇంట్లో పరుపు మీద ముందు దుప్పటి, దాని మీద రజాయి పరుస్తుంది. తీసేటప్పుడు ముందు రజాయి, తర్వాత దుప్పటి. బోర్డు మీద అక్షరాలు వరుస మారి నిలబడ్డాయి. నాకు ఒక్కసారిగా అద్దం కనిపించింది. లోపల మేము, బయట ఆమె, మధ్య దుమ్ము. ఏవి రెండు వైపులా నిలబడతాయి, ఏవి పడిపోతాయి అని ఆమె అడిగింది దీని గురించే. తొమ్మిదో తరగతి పిల్లలకు పేరు చెప్పకుండా ఇంత దూరం చూపించారు.

ఆ సాయంత్రం ఫోన్ చేసి చెప్పాను. అటువైపు నుంచి కింద రోడ్డు మీది హారన్లు వినిపిస్తున్నాయి. ఆమె మెల్లగా అన్నారు, "ఎప్పుడో ఒకరోజు ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు అనుకుంటూనే ఉన్నాను."

సెలవులకు వచ్చినప్పుడు నాన్నకు అదే చెప్పాను, పరుపు, దుప్పటి, రజాయి. "బస్సు వెనక్కి తీసినట్టే గదా," అన్నాడు. "ఆఖరున తిప్పిన మలుపే ముందొస్తాది." టీచరమ్మకు ఆ మాట చెబితే ఎంతో సంబరపడి, తర్వాతి శుక్రవారం పిల్లలకు పాఠం బస్సుతోనే మొదలుపెట్టారు.

ఎమ్మెస్సీ అయ్యాక కువైట్ సిటీలో ఒక బీమా ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. నేను నేర్చుకున్న లెక్కల్లో పదో వంతు కూడా అక్కడ వాడను. కానీ ఎవరైనా ఒక అంకె ముందు పెట్టి ఇదే నిజం అంటే, నాలో ఒక కన్ను తెరుచుకుంటుంది. ఏ మెట్టు ఎగిరిపోయిందో అడుగుతాను. నాకు జీతం ఇచ్చేది ఆ కన్నుకే అనుకుంటాను. శుక్రవారాలు మళ్లీ టీచరమ్మ ఇంటికి వెళ్లడం మొదలుపెట్టాను. ఈసారి చిన్నపిల్లల వెనక, గోడ దగ్గర కూర్చునేదాన్ని.

ఒక సాయంత్రం క్లాసు అయిపోయాక బాల్కనీలో టీ తాగుతూ ఆమెను అడిగాను. మీరెందుకు ఇంకా చదవలేదు అని. పెళ్లికి ముందు పరిశోధనలో చేరారట. ఒక ప్రశ్న పట్టుకున్నారట. కువైట్ వచ్చేటప్పుడు దాన్ని మధ్యలో వదిలేశారట. "బాధ లేదా టీచరమ్మా?" అంటే సముద్రం వైపు చూశారు. అక్కడ ఓడల దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. "ఉంది," అన్నారు. "కానీ లెక్కల్లో ఒక సుఖముంది. ప్రశ్నలకు వయసు రాదు. నేను వదిలిన చోటే ఉంటుంది. నేను కాకపోతే ఇంకెవరో వెళ్తారు." కప్పు అడుగున మిగిలిన టీ ఆకులు చూస్తూ ఇంకో మాట కలిపారు. "లెక్కలు మనల్ని ఎక్కడికీ తీసుకుపోవే. అవేమన్నా మీ నాన్న బస్సా? మనమే నడవాలి. తోడొస్తాయి, అంతే."

ఇక ఆ అమ్మాయి సంగతి. అర్దియా నుంచి వస్తుంది కాబట్టి క్లాసులో అందరూ అర్దియా పిల్ల అంటారు. వాళ్లది కడప వైపు. తండ్రి అర్దియాలో ఒక గ్యారేజీలో మెకానిక్కు. ఆ పిల్ల రుజువు చెబుతుంటే టీచరమ్మ కన్ను తెరవడం నేను చాలా అరుదుగా చూశాను. పన్నెండో తరగతి పరీక్షలు అయిపోయాయి. ఆమె ఉత్త లెక్కలే చదువుతానంటుంది. తండ్రి వద్దంటాడు. "వచ్చే వారం నేనే అర్దియా వస్తాను. మీ నాన్నను గ్యారేజీలోనే కలుస్తాను, చేతికి గ్రీజు అంటుకుంటే ఏం కాదు," అని టీచరమ్మ ఆ పిల్లకు చెప్పారు. ఆ వచ్చే వారం శుక్రవారమే 'క్లాసు లేదు' అని వచ్చింది.

అందుకని నేను వెళ్లాను, అమ్మను తోడు తీసుకుని. ఆయన ఒక కారు కింద నుంచి బయటికి వచ్చి, చేతులు తుడుచుకుని, మాకు రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేశాడు. పిల్ల టైర్ల దగ్గర నిలబడింది.

"టీచరమ్మ వచ్చి ఉంటే సరే అనేవాణ్ణేమో," అన్నాడు. "ఆయమ్మ మాటంటే గౌరవం నాకు. నువ్వు చిన్నపిల్లవి. ఏమనుకోవాకు."

నేను టీచరమ్మ పద్ధతిలోనే మొదలుపెట్టాను. "అన్నా, లెక్కలు చదివి బతికినోళ్లు ఉండారా అని కదా మీ అనుమానం? నేనున్నాను. నాన్న బస్సు డ్రైవరు, అమ్మ వంటమనిషి. నేను సిటీలో ఉద్యోగం చేస్తున్నా."

ఆయన విన్నాడు. పక్కనే ఉన్న కారు బానెట్ మీద చెయ్యి వేసి అన్నాడు, "ఒక్క బండి బాగా నడిచిందని ఆ మోడలంతా మంచిదంటామా తల్లీ? నీ అదృష్టం బాగుండొచ్చు. ఇంకో నలుగురిని చూపించు. బాగుపడినోళ్లనే కాదు, చెడిపోయినోళ్లను కూడా చూపించు. బండి కొనేటోడు అదే అడుగుతాడు. ఏది యాడ ఆగిపోయిందో తెలియాల."

అమ్మ ఊరుకోలేక, "ఆడపిల్లను బండితో పోలుచ్చావేందన్నా," అంది.

"బండి చెడిపోతే నేను బాగు చేచ్చా అక్కా," అన్నాడు ఆయన. "పిల్ల బతుకు చెడిపోతే నాకు రిపేరు రాదు."

టీచరమ్మ ఉంటే ఏమనేవారో అని తిరుగు దారంతా ఆలోచించాను. నాన్న అడిగింది ఎవరన్నా ఉన్నారా అని. దానికి ఒక్కరు చాలు. ఈయన అడిగింది వేరే. ఎంతమంది నడిచారు, ఎంతమంది మధ్యలో ఆగారు అని. అది ఇంకా మంచి ప్రశ్న. నేను పాత ప్రశ్నకు జవాబు పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లాను. టీచరమ్మ అక్కడ ఉండి వింటే రెండు కళ్లూ తెరిచేసేవారు.

సార్ ఈ నెలాఖరుకు ఫ్లాట్ ఖాళీ చేసి వెళ్లిపోతున్నారు. పోయిన శుక్రవారం సామాను కట్టడానికి సాయం వెళ్లాను. అర్దియా పిల్లా వచ్చింది. అంతకు ముందు రోజే దుమ్ము. ఇప్పటికీ దుమ్ము వస్తోందని ఫోనుకు హెచ్చరిక వస్తే ఆఫీసులో అందరూ విసుక్కుంటూ కిటికీలు చూస్తారు. నాకు మాత్రం ఒక్క క్షణం క్లాసు ఉందనిపిస్తుంది. ఆ తర్వాత గుర్తొస్తుంది.

హాల్లో సోఫా లేదు. అట్టపెట్టెలు ఉన్నాయి. అద్దం తలుపు నిండా దుమ్ము, ఒక్క వేలిముద్ర లేకుండా. సార్ దాని వైపు చూస్తూ అన్నారు, "హారిస్ వచ్చి తుడుస్తానన్నాడు. శుక్రవారం దాకా వద్దన్నాను. అలవాటు. ఎందుకన్నానో నాకే తెలియదు."

పిల్ల తలుపు తెరుచుకుని బాల్కనీలోకి వెళ్లింది. తలుపు వేసేసింది. వేలు పెట్టి రాయడం మొదలుపెట్టింది. వేలు నడిచినచోటల్లా సాయంత్రపు వెలుతురు లోపలికి వచ్చి, పెట్టెల మీద, సార్ చొక్కా మీద పడింది. నేను తిరగబడిన గుర్తుల్ని కూడబలుక్కుంటూ చదివాను. అది ఆ పిల్ల సొంతంగా కనుక్కున్న చిన్న రుజువు. టీచరమ్మకు, క్లాసు లేకుండా పోయిన ఆ శుక్రవారం చెప్పాలనుకున్నది. లోపల ఒక గోడకు ఆనుకుని నేను, ఇంకో గోడకు ఆనుకుని సార్. సార్ కళ్లు మూసుకున్నారు. నేనూ మూసుకోబోయి, మూసుకుంటే చదవలేనని ఆగిపోయాను.

టీచరమ్మ దగ్గర చదువుకున్నవాళ్లను, చదవకపోయినా లెక్కలే చదివినవాళ్లను అడుగుతున్నాను. మీరు ఎక్కడి దాకా నడిచారో, ఎక్కడ ఆగారో, అర్దియాలో ఒక మెకానిక్కు అర్థమయ్యేటట్టు నాలుగు వాక్యాలు రాయండి. చదివినందుకు బాధపడుతుంటే అదీ దాచకుండా రాయండి. ఆమె ఉంటే ఆ మెట్టు ఎగరేయనిచ్చేవారు కాదు. ఈ పత్రిక ద్వారా నాకు చేరుతుంది. అన్నీ తీసుకెళ్లి ఆ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఆయనకు చదివి వినిపిస్తాను. ఆ తర్వాత నిర్ణయం వాళ్లిద్దరిది. ఇల్లు అప్పగించే రోజు దాకా ఆ అద్దాన్ని తుడవనివ్వనని సార్ అన్నారు. పిల్ల రాసింది ఇంకా దాని మీదే ఉంది. జూన్ పదో తేదీలోగా రాయండి.